నీళ్ళు పండే కాలం

ఆ వానాకాలమంతా మేము దుప్పట్ల మధ్యనే బతికాం. కింద లాండ్రీ, పైన ఇల్లు. ఎండల్లో డాబా మీద ఆరే తెల్ల దుప్పట్లు వాన పట్టుకున్నాక పై హాల్లోకి వచ్చాయి. హాలు చాలక వరండాలోకి, అదీ చాలక మేం పడుకునే గదుల గుమ్మాల దాకా వచ్చేశాయి. సగం హోటళ్ళవి, సగం ఆసుపత్రివి. ఒకదాని వెనక ఒకటి తాళ్ళ మీద వేలాడుతుంటే వాటి మధ్య నడవడం మబ్బుల్లో నడిచినట్టే ఉండేది. మనుషులు కనిపించేవాళ్ళు కాదు, మాటలే వినిపించేవి. కొత్తగా కాపురానికి వచ్చినదాన్ని. ఆ ఇంటివాళ్ళ గొంతులు ముందు పట్టుబడ్డాయి నాకు, ముఖాలు తరవాత.

మావారికి నేను రెండో పెళ్ళాన్ని. మొదటావిడ పోయి రెండేళ్ళు దాటింది. ఆవిడ కూతురికి అప్పుడు పదకొండేళ్ళు. మామగారు ఆ పిల్లని జడ్జిగారూ అని పిలిచేవారు. ఎవరేం చెప్పినా ఆ పిల్ల అవుననదు, కాదనదు. గడ్డం కింద చెయ్యి ఆనించుకుని అంతా విని, ఏ పూటకో నోరు విప్పుతుంది. నా సంగతి ఇంకా విచారణలోనే ఉంది. పెళ్ళికి ముందే పెద్దలంతా కూర్చుని ఒక మాట అనుకున్నారు. పిల్లకి నాతో కుదిరితే ఇక్కడే ఉంటుంది. కుదరకపోతే, వానలు తగ్గి బడికి సెలవులివ్వగానే వాళ్ళ పెద్దమ్మ వచ్చి తనతో తీసుకుపోయి అక్కడే చదివించుకుంటుంది. ఆ పెద్దమ్మని తప్పుపట్టడానికి లేదు. చెల్లెలి కూతురంటే ప్రాణం పెడుతుంది. పిల్ల కోసం అప్పటికే ఒక గదికి రంగులు వేయించి ఉంచింది కూడా. మామగారు అప్పుడు సరేనన్నారు గాని, ఆ ఊసు ఎత్తితే చాలు, లేచి మెట్లు దిగి లాండ్రీలోకి వెళ్ళిపోయేవారు.

ఒక పిల్లని ఇల్లు వదిలించి, ఆ ఇంట్లో నేను కాళ్ళు చాపుకుని కూర్చోవడమన్న తలపే నాకు సహించేది కాదు. అలాగని పిల్లల్ని మచ్చిక చేసుకునే విద్య నాకు రాదు. పల్లెటూరిదాన్ని. కాలేజీ చదువు చదివానన్న మాటే గాని ముద్దుమాటలు నా నోట పలకవు. పిల్ల నన్ను ఏమనీ పిలిచేది కాదు. పిలుపు లేకుండానే నా దగ్గర మాట మొదలుపెట్టేది, తలుపు కొట్టకుండా లోపలికి వచ్చినట్టు.

కూతురి ముఖంలో నవ్వు చూడాలని మావారు ఒక సాయంత్రం అద్దాల తొట్టి తెచ్చారు. రంగురాళ్ళు, ఒక దీపం, గుడగుడమనే ఫిల్టరు, ప్లాస్టిక్ కవర్లో నాలుగు బంగారు చేపలు. అన్నీ ఆ పూటే అమర్చి, పంపు నీళ్ళు నింపి, చేపల్ని వదిలేశారు. హాల్లో దుప్పట్ల వెనక ఆ తొట్టి వెలుగుతుంటే ఇల్లంతా నీళ్ళలో మునిగినట్టు కనిపించింది. దుప్పట్ల మీద అలలు. పిల్ల నవ్వింది కూడా. వారం తిరిగేసరికి నాలుగు చేపలూ ఒకదాని వెనక ఒకటి తేలిపోయాయి.

ఆఖరిదాన్ని చెంచాతో తీస్తూ పిల్ల తొట్టితోనే అంది. "కొత్తగా వచ్చినవేవీ మా ఇంట్లో ఉండవు."

నేను రెండు దుప్పట్ల అవతల మడతలు వేస్తున్నాను. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది.

మర్నాడు బడి వదిలే వేళకి వెళ్ళి పిల్లని అటునుంచటే చేపల కొట్టుకి తీసుకెళ్ళాను. నాతో నడవడం ఇష్టం లేకపోయినా చేపల పేరు చెప్పేసరికి వచ్చింది. సందు చివర చీకటి కొట్టు. నేల నుంచి కప్పు దాకా తొట్లు, ఒక్కోదాంట్లో ఒక్కో రంగు వెలుగు. మధ్యలో స్టూలు మీద బొజ్జేసుకుని కూర్చుని వేరుశనగకాయలు ఒలుచుకుంటున్నాడు చేపలాయన.

"నాలుగూ పోయాయా?" అన్నాడు నేను నోరు తెరవకముందే.

"పోయాయి."

"ఎప్పుడు వేశారు?"

"కొన్న పూటే."

"అదే మరి. పచ్చి నీళ్ళలో వేస్తే పోక ఉంటాయా?"

"ఆ ముక్క అమ్మేటప్పుడే చెప్పొచ్చుగా."

"మీ ఆయన చెప్పనిస్తే కదమ్మా. తొట్టి అన్నాడు, ఇచ్చా. చేపలన్నాడు, ఇచ్చా. కూతురికట, సాయంత్రానికల్లా కావాలట. కాళ్ళకింద నిప్పులున్నట్టు నిలబడ్డాడు. నీళ్ళు పండేదాకా ఆగు నాయనా అంటే ఆగే మనిషిలా కనిపించాడా మీకు?"

మావారి సంగతి తెలుసు గనుక నేను వాదించలేదు. "నీళ్ళు పండడమేంటి?" అన్నాను.

ఆయన పొట్టు దులుపుకుని చెప్పాడు. చేప తిన్నది నీళ్ళలోనే వదులుతుంది. అదే దానికి విషం, అమోనియా అంటారు. ఆ విషాన్ని తినే పురుగు ఒకటి ఉంది, కంటికి ఆనదు. అది తిని ఇంకో విషం వదులుతుంది. దాన్ని తినే రెండో రకం పురుగు రావాలి. ఈ రెండూ రాళ్ళ మీదా, ఫిల్టర్లోని స్పాంజి లోపలా కాపురం పెట్టి పిల్లాజెల్లా పెరిగాక అప్పుడు చేపని తేవాలి. అదీ పండడమంటే.

"బాక్టీరియానా?" అంది పిల్ల.

"మీ బళ్ళో అలాగే అంటారు. నేను పురుగంటాను. అది ఏమీ అనుకోదు."

"చేప లేనప్పుడు అవేం తింటాయి?"

ఆయన పిల్లని ఎగాదిగా చూశాడు. "అదీ ప్రశ్నంటే. రోజూ చిటికెడు మేత వేసి కుళ్ళనివ్వాలి. లేదంటే సబ్బూ సువాసనా కలపని వట్టి అమోనియా ఎక్కడన్నా దొరికితే చుక్కలు చుక్కలుగా వెయ్యాలి."

అప్పుడు పిల్ల నా వైపు తిరిగింది. వచ్చిన నాటి నుంచీ నన్ను సూటిగా చూసింది అప్పుడే. లాండ్రీలో పుట్టిన పిల్ల మరి. "తాతయ్య బీరువాలో ఉంది," అంది.

నీళ్ళు పరీక్ష చేసే చిన్న గాజుగొట్టాలూ చుక్కల సీసాలూ కట్టి ఇస్తూ, "మీ అమ్మగారా?" అని అడిగాడు చేపలాయన.

"మా నాన్నగారి భార్య," అంది పిల్ల.

అంత కచ్చితంగా నన్నింకెవరూ పరిచయం చెయ్యలేదు. నవ్వాపుకోవడానికి ఎదురుగా ఉన్న తొట్టిలోకి తల దూర్చినంత పనిచేశాను.

మామగారి బీరువా అంటే మరకల బీరువా. లాండ్రీలోకి పెద్ద పెద్ద మిషన్లు వచ్చాక ఆయన చేసే పనులు రెండే మిగిలాయి. మొండి మరకలు తియ్యడం ఒకటి. బట్టని ముక్కు దగ్గర పెట్టుకుని ఇది టీ, ఇది సిరా, ఇది తుప్పు, ఇది నెత్తురు అని చెప్పేసి, దేనికి తగ్గ సీసా దానికి తీసేవారు. రెండోది నీలిమందు. ఎన్ని మిషన్లొచ్చినా తెలుపు తెలుపు కాదని, ఆఖరి జాడింపు తన చేత్తో నీలం వేసిన నీళ్ళలో కావాల్సిందేనని ఆయన పంతం. ఆయన చేతిలోంచి వచ్చిన దుప్పటిని వెలుగుకి పట్టి చూస్తే పొద్దుటి ఆకాశం అంచు కనిపించేది.

మేము అమోనియా అడిగేసరికి ఆయన ముఖం చిట్లించారు. "జీవితమంతా మురికి తీసి బతికినవాణ్ణి. ఇప్పుడు మంచినీళ్ళకి మురికి పట్టించమంటారా?"

"మురికి కాదు మామయ్యా, పురుగులకి మేత."

"ఎవడు చెప్పాడు?"

"చేపల కొట్టాయన."

"వాడి చొక్కా కాలరు చూశావా అమ్మాయ్? రెండేళ్ళ జిడ్డు. వాడు మురికిని పొగడక ఇంకేం చేస్తాడు?" అంటూనే సీసా మూత తీసి వాసన చూసి, మనవరాలి చేతిలో పెట్టారు. "చుక్క మించకు జడ్జిగారూ. ముక్కు దగ్గర పెట్టుకోకు."

అలా మొదలైంది. దీపం వెలుగుతోంది, ఫిల్టరు గుడగుడమంటోంది, తొట్టిలో మాత్రం నీళ్ళు తప్ప ఏమీ లేవు. కింద ఇస్త్రీ చేసేవాళ్ళు పనిగట్టుకుని మెట్లెక్కి వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు. "ఏ చేపమ్మా ఇది, ఇంత సన్నగా ఉంది?" అని ఒకడు. "సిగ్గుపడి దాక్కుందిరా, నీ ముఖం చూసి," అని ఇంకొకడు. పిల్ల ఎవరికీ జవాబు చెప్పేది కాదు. పొద్దున లేవగానే గాజుగొట్టంలో నీళ్ళు పట్టి చుక్కలు వేసి, కిటికీ దగ్గర పట్టుకుని నిలబడేది. పసుపైతే అమోనియా లేనట్టు, ఆకుపచ్చయితే ఉన్నట్టు. ఎన్నాళ్ళు చూసినా సీసా అడుగులాంటి ముదురు ఆకుపచ్చే.

మధ్యాహ్నాలు మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. బయట వాన, కింద మిషన్ల రొద, గచ్చులోంచి పైకి పాకే ఆవిరి వెచ్చదనం. ఎటు చూసినా తెలుపు, ఆ తెలుపు మీద తొట్టి వెలుగు మెల్లగా ఊగుతూ. పిల్ల తొట్టి దగ్గర కూర్చునేది. నేను ఏదో ఒక వరసలో ఆరిన దుప్పట్లు తీస్తుండేదాన్ని. ఒకరికొకరం కనిపించం గనుక కాబోలు, మాటలు వాటంతటవే వచ్చేవి.

"అవి ఇప్పుడేం చేస్తుంటాయి?" అనేది గొంతు.

"ఏవి?"

"అవే. పురుగులు."

"ఇల్లు సర్దుకుంటూ ఉంటాయి."

"వాటికి కళ్ళుంటాయా?"

"ఉండవనుకుంటా."

"మరి ఒకదానికొకటి ఉన్నట్టు ఎలా తెలుస్తుంది?"

"నాకు నువ్వెక్కడున్నావో తెలుస్తోందిగా, ఇన్ని దుప్పట్లలో."

"అది వేరే," అంది గొంతు. తోసిపుచ్చినట్టు మాత్రం లేదు.

ఇంకో మధ్యాహ్నం తనే అడిగింది, మా ఊళ్ళో చేపలుండేవా అని. మా పొలం గట్టున నాన్న కొత్తగా గుంట తవ్వించిన సంగతి చెప్పాను. నీళ్ళు నిండిన మొదటి ఏడు ఆ గుంట దగ్గరికి కప్ప కూడా రాలేదు. అద్దంలా మెరుస్తూ ఉండేది, ఎవరికీ అక్కర్లేకుండా. రెండో ఏడు అడుగున నాచు పట్టింది, తూనీగలొచ్చాయి, కొంగ వచ్చి నిలబడింది. తరవాత ఆ గుంటని ఆపడం ఎవరితరమూ కాలేదు.

"మొదటి ఏడు దానికి ఎలా ఉండుంటుంది?" అంది పిల్ల.

"గుంటకా?"

"ఊఁ."

"తొందరపడలేదు అది," అన్నాను. అన్నాక నాకే తెలిసింది, నేను గుంట గురించి చెప్పడం లేదని.

ఆకుపచ్చ పలచబడింది. పలచబడి పలచబడి ఒక పొద్దున పసుపైంది. ఈలోగా రెండో విషాన్ని చూపే గొట్టం వంగపండు రంగుకి తిరిగి అక్కడే మొండికేసింది. పిల్లకి ఓపిక చచ్చింది. "ఈ రెండో రకం పురుగులు ఎక్కడ చచ్చాయి?" అని కసిరేది. మామగారు కూడా పొద్దున్నే కళ్ళజోడు తుడుచుకుని వచ్చి ఆ గొట్టాన్ని మరకని చూసినట్టే చూసేవారు. "ఇది మొండిరకం. తీసేది కాదు, అదే పోవాలి," అనేవారు. పోయింది. వాన తెరిపిచ్చిన ఒక రోజు ఆ గొట్టం లేత నీలంగా తేలింది. ముగ్గురం దాన్ని కిటికీ ముందు పట్టుకుని, అవతల ఉన్న ఆకాశంతో సరిపోల్చి చూసుకున్నాం.

ఆ సాయంత్రమే వెళ్ళి చేపల్ని తెచ్చాం. వేలి గోరంత చారల చేపలు కొన్ని, నారింజ రంగులో బొజ్జతో ఒకటి. బొజ్జది తొట్టి మధ్యలో నిలబడి మిగతావాటి పరుగులు చూస్తుండేది తప్ప పని చేసేది కాదు. మావారు దానికి మేనేజరు అని పేరు పెట్టారు. పిల్ల పెద్దమ్మతో ఫోన్లో మాట్లాడుతూ, "మేనేజరు ఇవాళ తిన్నాడు పెద్దమ్మా, నిద్రపోయాడు పెద్దమ్మా," అంటుంటే అవతల ఆవిడ ఎవరనుకుందో ఏమో. ఫోను పెట్టేశాక మావారు దుప్పట్లు పక్కకి తప్పించుకుని నా దగ్గరికి వచ్చి, "ఉంటుందంటావా?" అన్నారు గొంతు తగ్గించి.

"మేనేజరా?" అన్నాను, తెలిసి.

"అదే," అన్నారు, ఆయనా తెలిసే.

నీళ్ళు తిరుగుతున్న కొద్దీ ఫిల్టర్లో తెల్లగా ఉన్న స్పాంజి గోధుమరంగుకి తిరిగి జిడ్డోడింది. అద్దంలోంచి కనిపిస్తూ ఉండేది అది. మామగారు తొట్టి ముందు కూర్చున్నప్పుడల్లా చేపల్ని వదిలేసి ఆ మూలకే చూసేవారు. అది అలాగే ఉండాలి మామయ్యా అని చెబితే, "ఊఁ, ఊఁ," అనేవారు. ముల్లు గుచ్చుకున్న కాలుతో నడిచే మనిషిలా ఉండేది ఆ ఊఁ.

సెలవులు దగ్గరపడ్డాయి. ఒక పొద్దున పిల్ల కేక విని పరిగెత్తాను. చారల చేపలన్నీ నీళ్ళ మీదికి వచ్చి నోళ్ళు తెరిచి గాలి కోసం గుటకలు వేస్తున్నాయి. రెండు అప్పటికే తేలిపోయాయి. మేనేజరు ఒక మూల రాళ్ళకి ఆనుకుని ఒరిగి ఉన్నాడు, మొప్పలు ఎర్రగా. గొట్టంలో చుక్కలు వేశాం. ఆకుపచ్చ. మొదటినాటి ఆకుపచ్చ.

ఫిల్టరు ఆపి మూత తీశాను. స్పాంజి మల్లెపువ్వులా ఉంది.

ముక్కు దగ్గర పెట్టుకుంటే సోడా వాసన, దాని వెనక సన్నగా బ్లీచింగు. వేడినీళ్ళలో నానబెట్టి, ఉతికి, మూడు నీళ్ళు జాడించి ఉంటారు. నెలల తరబడి మేం చుక్క చుక్కా పోసి పెంచిన కాపురం ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోయింది. ఎవరి పనో నాకు అడగక్కర్లేకపోయింది. అంతకు ముందు రోజు నేను ఆసుపత్రి బట్టలకి వెళ్ళాను, పిల్ల బడికి పోయింది. మనవరాలు వెళ్ళిపోయే లోపల ఆమెకి ఏదైనా చేసిపెట్టాలని, తనకి తెలిసిన ఒకే ఒక్క మంచిపని చేశారు ఆయన. కింద నుంచి ఆయన ఎవరితోనో పరాచికాలాడుతున్న గొంతు వినిపిస్తోంది.

"ఎవరు కడిగారు?" అంది పిల్ల నా వెనక.

ఆ పిల్లకి ఆ ఇంట్లో ప్రాణానికి ప్రాణంలాంటి మనిషి తాతయ్య ఒక్కరే.

"నేనే," అన్నాను. "మర్చిపోయి పంపు కింద పెట్టేశాను."

గడ్డం కిందికి చెయ్యి వెళ్ళింది. "ఎప్పుడు?"

"నిన్న."

"నిన్న నువ్వు ఆసుపత్రి బట్టలకి వెళ్ళావు."

"వెళ్ళేముందు."

నా చేతిలోని స్పాంజిని తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుగుకి పట్టి చూసింది. నేనేమో ఇక అయిపోయిందనుకున్నాను. పెద్దమ్మ ఆ పిల్ల గదికి వేయించిన రంగులు కూడా కళ్ళ ముందు కనిపించాయి నాకు. పిల్ల స్పాంజిని తెచ్చి ఫిల్టరు పక్కన పెట్టి, బకెట్టు అందుకుంది.

పంపు నీళ్ళలో కలిపే క్లోరిన్ మందు వాసన పోవడానికి ముందురోజే పట్టి ఉంచిన నీళ్ళున్నాయి బకెట్లలో. తొట్టిలో సగం తోడి, అవి పోశాం. ఆ మధ్యాహ్నం గొడుగేసుకుని చేపల కొట్టుకి వెళ్ళాం.

"ఏం కావాలి?" అన్నాడు చేపలాయన.

"మురికి," అంది పిల్ల.

ఆయన వేరుశనగకాయ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "లాండ్రీవాళ్ళు మురికి అడుక్కోవడానికి నా దగ్గరికొచ్చారా?" అని నవ్వబోయి, పిల్ల ముఖం చూసి ఆపుకున్నాడు. లేచి, కొట్లో అన్నిటికన్నా పాత తొట్టిలోంచి నల్లటి స్పాంజి తీసి, కవర్లో నీళ్ళు పోసి దాంట్లో బాగా పిండాడు. బురదలా దిగింది. ఆ స్పాంజిలో ఒక ముక్క కోసి అదీ వేశాడు. "ఆరకుండా తీసుకెళ్ళండి. రోజూ కొంచెం నీళ్ళు మార్చండి, మేత తగ్గించండి. ఇంతకీ అంత శుభ్రంగా కడిగిన మహానుభావుడెవరు?"

నేను నోరు తెరిచాను.

"కరెంటు పోయింది," అంది పిల్ల.

"కరెంటు పోతే స్పాంజిలో పురుగులన్నీ..."

"చాలాసేపు పోయింది."

చేపలాయన నా వైపు చూశాడు. నేను చేపల వైపు చూశాను.

తిరిగొచ్చేటప్పుడు వాన సన్నబడింది. ఆ బురదనీళ్ళ కవరు చల్లబడకుండా పిల్ల రెయిన్‌కోటు లోపల పొట్టకి ఆనించి పట్టుకుని నడుస్తోంది. మలుపు దగ్గర నీటి మడుగు దాటి, నా వైపు చూడకుండానే అంది.

"ఆ స్పాంజికి నీలం పెట్టి ఉంది."

నేనూ మడుగు దాటాను.

"నువ్వు నీలం పెడితే మచ్చలు పడతాయి. అది సమంగా ఉంది."

గొడుగు మీద చినుకులు.

"తాతయ్యతో అనొద్దు," అంది.

"అనను."

"మేనేజరు చచ్చిపోయినా అనొద్దు."

"అనను."

గొడుగు నా చేతిలోనే ఉంది. ఆ పిల్ల ఇంకాస్త లోపలికి జరిగింది, కవరు తడుస్తుందని.

భోజనాల దగ్గర మావారు అడిగారు, చేపలకి ఏమైందని. కరెంటు పోయిందని ఇద్దరం ఒకేసారి చెప్పాం.

"ఎప్పుడు? కింద మిషన్లు ఆగలేదే?"

"పైన పోయింది," అంది పిల్ల.

"పైన మాత్రం పోయిందా?"

"హాల్లో," అన్నాను నేను.

"ఒక్క హాల్లోనే పోయిందా?"

"తొట్టి ప్లగ్గు దగ్గర," అంది పిల్ల. మావారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆఖరికి పళ్ళెంలోకి చూసుకున్నారు. ఇంట్లో బల్బు పోతే వంద ప్రశ్నలడిగే మామగారు ఆ పూట ఒక్కటీ అడగలేదు. ముద్ద కలిపి కలిపి, తినకుండానే చెయ్యి కడుక్కున్నారు.

ఆ తరవాతి రోజులు నాకు ఒకే పొడుగాటి మధ్యాహ్నంలా గుర్తున్నాయి. తెల్లటి వరసల మధ్య నుంచి బకెట్లు మోసుకుపోవడం, తోడడం, పొయ్యడం, గొట్టం కిటికీకి పట్టడం. చారల చేపలు ఇంకొన్ని పోయాయి. మేనేజరు మూల వదల్లేదు. పిల్ల వాడి ముందు కూర్చుని ఒక్కోసారి అద్దానికి నుదురు ఆనించి అలాగే నిద్రపోయేది. నేను తడిగా ఉన్న దుప్పటి కొసని పక్కకి తప్పించి ఆమె మీద పడకుండా కట్టేదాన్ని. ఒకరోజు నిద్రలోంచే, "నీళ్ళు మార్చావా?" అంది. మార్చానన్నాను. మళ్ళీ నిద్రలోకి జారింది. వాన ఎప్పుడు ఆగిందో మేము గమనించనేలేదు. ఒక పొద్దున చూస్తే మేనేజరు తొట్టి మధ్యలో నిలబడి, మిగిలిన రెండు చారలవాళ్ళ పరుగులు చూస్తున్నాడు.

ఎండ కాసింది. దుప్పట్లన్నీ మళ్ళీ డాబా ఎక్కాయి. హాలు ఒక్కసారిగా ఖాళీ అయి, మేము ఒకరికొకరం మరీ ఎక్కువగా కనిపించడం మొదలుపెట్టాం. ఆ వారమే పెద్దమ్మ వచ్చింది.

పిల్ల బట్టలు మామగారే స్వయంగా ఇస్త్రీ చేశారు. గౌన్లు, ఉన్ని కోటు, బడి యూనిఫాంలు, అన్నీ కాగితాల్లా మడతపెట్టి హాల్లో మంచం మీద తెరిచిన పెట్టెలో పేర్చారు. పేర్చాక కుర్చీలో కూర్చుని గోడ వైపు తిరిగారు. మావారు కిందనుంచి పైకి రావడం లేదు. నేను వారానికోసారి చేసే పనిలో ఉన్నాను. తొట్టిలోంచి తోడిన పాతనీళ్ళు బకెట్లో పోసి, అందులో స్పాంజిని వేసి ఉంచాను, రెండుసార్లు మెల్లగా ఒత్తి మళ్ళీ పెట్టేయడానికి.

పెద్దమ్మ చేతులు ఊరికే ఉంచుకునే మనిషి కాదు. వచ్చినప్పటి నుంచీ ఏదో ఒకటి సర్దుతూనే ఉంది. బకెట్లో చూసి, "అయ్యయ్యో, ఎంత జిడ్డమ్మా ఇది. ఇటు తే చెల్లీ, రెండు నిమిషాల్లో సబ్బేసి తెస్తాను," అంటూ స్పాంజిని అందుకుని పంపు వైపు నడిచింది.

"వద్దక్కయ్యా," అని నేను లేచేలోగానే కుర్చీలోంచి వినిపించింది.

"కడగొద్దమ్మా."

పెద్దమ్మ పంపు తిప్పబోతూ ఆగింది.

"దాన్ని కడగకూడదు," అన్నారు మామగారు గోడ వైపే చూస్తూ. "నేనొకసారి కడిగాను."

హాల్లో ఫిల్టరు చప్పుడు కూడా లేదు, ఆపి ఉంచాం గనుక. పిల్ల నా వైపు చూసింది. నేను పిల్ల వైపు చూశాను. ఆయనకి ఎప్పుడు తెలిసిందో, అన్ని రోజులూ ఆ భోజనాల బల్ల దగ్గర మా కరెంటు కథలు వింటూ ఎలా కూర్చున్నారో.

పిల్ల వెళ్ళి ఆయన కుర్చీ చేతి మీద కూర్చుంది. "కరెంటు పోయింది తాతయ్యా," అంది.

ఆయన తల ఊపారు. "అవునమ్మా. పోయింది."

పెద్దమ్మకి మా మాటలేవీ అర్థం కాలేదు. అయినా తెలివైన మనిషి, చేతిలో స్పాంజితో అలాగే నిలబడింది. పిల్ల ఆవిడ వైపు తిరిగి, బడిలో జవాబు చెప్పినట్టు చెప్పింది. "పెద్దమ్మా, సెలవులన్నాళ్ళూ మీ ఇంట్లో ఉంటాను. బడి తెరిచే ముందు రోజు దింపేయాలి. తాతయ్య స్పాంజి జోలికి పోకుండా చూసుకోవాలిగా."

"దొంగపిల్లా," అన్నారు మామగారు, కళ్ళు తుడుచుకుంటూ.

"మరి గదికి రంగులు వేయించానే," అంది పెద్దమ్మ. గొంతులో నొప్పి దాచుకోలేకపోయింది పాపం.

"ఉండనీ పెద్దమ్మా. ప్రతి సెలవులకీ వస్తాగా. రంగులు పోవుగా."

పెద్దమ్మ పిల్ల ముఖంలోకి చూసి, "నీ ఇష్టమే నా ఇష్టం," అని నవ్వడానికి ప్రయత్నించింది. నవ్వు రెండోసారికి వచ్చింది. మామగారు కుర్చీలోంచి లేచారు. మంచం దగ్గరికి వెళ్ళి, పెట్టెలోంచి బడి యూనిఫాంలు ఒక్కొక్కటే తీసి, మడత నలగకుండా రెండు అరచేతుల మీదా పెట్టుకుని పిల్ల బట్టల బీరువా వైపు నడిచారు. మావారు మెట్ల మీద ఎప్పుడొచ్చి నిలబడ్డారో, ఆయనకి బీరువా తలుపు తెరిచి పట్టుకున్నారు.

నేను పెద్దమ్మ చేతిలోంచి స్పాంజి తీసుకుని బకెట్టు ముందు కూర్చున్నాను. పిల్ల వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది.

"గట్టిగా పిండకు," అంది.

నేను గట్టిగా పిండలేదు.